కృష్ణ పక్కనుండగా కరువేమిటి?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి 1832-33 గుంటూరు కరువు గురించి చదువుతున్నాడు. కృష్ణ ఒడ్డున ఉన్న సీమకు అంత కరువెలా వచ్చింది? వాన కురవకపోతే దొరతనం మాత్రం ఏం చేస్తుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఊళ్లో పారే మూడు కాలువలను కాసేపు మరచిపోండి. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. అంతకుముందు గుంటూరు సీమలో చాలా భాగం మెట్ట. కృష్ణ పక్కనుంచే సముద్రంలో కలిసేది, జొన్నచేను మబ్బుకోసం చూసేది.

వాన తప్పిన మాట నిజమే. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక జనం దాన్ని నందన కరువన్నారు. సీమ జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారంటారు. కానీ వాన అంతకుముందూ తప్పింది. గాదెలో పాత గింజలుంటే రైతు ఒక ఏడాది ఎలాగో గట్టెక్కుతాడు. అడగవలసింది ఆ గాదె సంగతి.

గుంటూరు సర్కారు 1788లో కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, చేతికొచ్చింది. 1802లో మొదలైన శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు ఏటా దొరతనానికి కట్టవలసిన పేష్కషు, అంటే కప్పం, నగదులో ఖాయమైంది. బాకీ పడితే జమీందారీ వేలానికి వస్తుంది. ఆ భయం ఆయన దగ్గర ఆగుతుందా? శిస్తు వసూలు గుత్తకు తీసుకున్న ఇజారాదారు మీదుగా రైతు కళ్లం దాకా వచ్చేది. నగదు కావాలంటే పంట ఇంటికి చేరగానే అమ్ముకోవాలి, అందరూ అమ్మే రోజున ధర ఉండదు. దాచుకోవలసిన గింజ అలా బండెక్కింది.

నేతగాడి బతుకు ఇంకా అన్యాయం. మచిలీపట్నం రేవులో కుంపిణీ 1611లో కొట్టు పెట్టింది ఈ తీరపు బట్టల కోసమే. తర్వాత ఇంగ్లండు మరబట్ట వచ్చి కొనేవాళ్లు తగ్గారు. మగ్గం మీద మోతుర్ఫా పన్ను మాత్రం ఉండిపోయింది. ధాన్యం కొనుక్కుతినే మనిషి, కొనడానికి డబ్బులేని ఏడాది. ఉప్పు వ్యాపారం కూడా 1805 నుంచి దొరతనం గుత్తే.

కాటన్ దొరకు దండం పెట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు, నేనూ పెడతాను. నీళ్లొచ్చాక తిండికి లోటు తగ్గింది. పన్ను మీద పోరు తగ్గలేదు. 1921-22లో పెదనందిపాడు రైతులు శిస్తు కట్టబోమన్నారు, అదీ మీ అబ్బాయి చేత చదివించండి.

మా తాతగారి ట్రంకుపెట్టెలో 1926 నాటి శిస్తు రసీదు ఒకటి ఉంది. రూపాయలు, అణాలు, పైసలు అని మూడు గళ్లు. ఆ ఏడు ఎన్ని బస్తాలు పండాయో రాయడానికి గడి లేదు.