అవ్వ బువ్వ ఎందుకు పెట్టలేదు?

ప్రశ్న: విజయవాడ సింగ్ నగర్‌లో నాలుగో తరగతికి తెలుగు చెబుతున్నాను. కథ అయ్యాక ‘మీ ఇంట్లో ఇలా జరిగిందా?’ అంటే పిల్లలు నోరు మెదపరు. మొన్న వాన కథ చదివి, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు ఏమేం పోయాయని అడిగాను. ఒక బాబు ఏడ్చేశాడు. ఇక కథల్ని వాళ్ల బతుకులతో కలిపి మాట్లాడించేదెలా?
– ఒక టీచర్, విజయవాడ

జవాబు: బాబు ఏడ్చాడని మరీ టెన్షన్ పడకండి. ఆ ప్రశ్న మాత్రం మళ్లీ అడగకండి. పదిమందిలో ఇంటి సంగతి చెప్పమంటే స్టాఫ్ రూమ్‌లో మనమైనా చెబుతామా?

నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గరి బడిలో చాలా ఏళ్లు పనిచేశాను. మొదట్లో నేనూ కథ అవగానే ‘నీతి ఏమిటి?’ అనేదాన్ని. ‘అత్యాశ పనికిరాదు టీచర్’ అని క్లాసంతా ఒకటే పాట. కథ ఏదైనా అదే నీతి!

ఒకసారి మూడో తరగతిలో ఏడు చేపల కథ చెబుతున్నా. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు... అవ్వ బువ్వ పెట్టలేదన్న దగ్గర ఆగి, ‘ఎందుకు పెట్టలేదంటారు?’ అన్నాను. పిల్లాడు ఏడ్చాడని కథలోనే ఉంది. కానీ వెనక వరుసలో పిల్ల లేచి, ‘మిరపకాయల ముచ్చికలు తీసొచ్చి ఉంటది టీచర్, చేతులు మంట. మా అమ్మ కూడా ఆ రోజు ముద్ద కలపదు, తమ్ముడికి నేనే పెడతా’ అంది. ‘కొబ్బరినూనె రాసుకోమను’ అని పక్కపిల్ల. ఇంకొకడు కళ్లంలో కాయలు తడిసిన సంగతి ఎత్తుకున్నాడు. గంట కొట్టేదాకా చేప ఎవరికీ గుర్తు రాలేదు.

వాళ్ల ఇంటి గురించి నేను అడగలేదు చూడండి. అవ్వ గురించి అడిగాను.

అమెరికా ప్రొఫెసర్ రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో పోల్చారు. తన బతుకు కనపడితే అద్దం, ఎదుటివాళ్లది కనపడితే కిటికీ. మా క్లాసులో ఆ అవ్వ ఈ పిల్లకు అద్దం, ఆటో డ్రైవర్ కొడుక్కి కిటికీ.

మీరూ ‘నీళ్లొస్తే కథలో పిల్లాడు మేడ మీదికి ముందు ఏది పట్టుకెళ్లాలి?’ అనండి. మీరైతే ఏది తీసుకెళ్లేవారో ముందు మీరే చెప్పండి. ఎవరైనా ‘కోడిపెట్ట’ అంటే నవ్వనివ్వకండి, వెంటనే ఎందుకని గుచ్చకండి.

ఆ బాబును కొన్నాళ్లు వదిలేయండి. బొమ్మ వేస్తానంటే కాగితం ఇవ్వండి. ఎవరికీ చూపించక్కర్లేదని కూడా చెప్పండి.