‘పాత్రమగు ఛత్రం’ అంటే ఏ గొడుగు?

సందేహం: పోతన భాగవతం అష్టమస్కంధంలోని ‘రవిబింబం బుపమింప’ పద్యంలో ‘పాత్రమగు ఛత్రం’ అంటే ‘తగిన గొడుగు’ అనుకుంటున్నాను. సూర్యుడే గొడుగుగా, నగలుగా మారుతూ వామనుడి పాదాల దగ్గరికి దిగివచ్చాడని భావమా?

సమాధానం: చిక్కంతా ‘పాత్రమగు’ దగ్గరే ఉంది. పద్యం చూడండి:

రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై
శ్రవణాలంకృతియై గళాభరణమై సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై కటిస్థలి నుదంచద్ఘంటయై నూపుర
ప్రవరంబై పదపీఠమై వటుఁడు దా బ్రహ్మాండము న్నిండుచోన్.

‘పాత్రమగు’ను గొడుగుకు విశేషణం చేస్తే వాక్యాన్ని ముగించే సమాపక క్రియే మిగలదు. ‘ఛత్రంబై’ మొదలు ‘పదపీఠమై’ దాకా తొమ్మిదీ అసమాపకాలు. ‘నిండుచోన్’ అంటే ‘నిండేటప్పుడు’, అదీ వాక్యాన్ని ముగించదు. కాబట్టి ‘అగు’ ఇక్కడ ‘అగును’. అన్వయం: వటుడు (బ్రహ్మచారి రూపంలోని వామనుడు) బ్రహ్మాండాన్ని నిండేటప్పుడు రవిబింబం గొడుగై, తలమానికమై, చెవిపోగై, కంఠాభరణమై, బంగారు దండకడియమై, కంకణమై, మొలగంటై, అందెయై, పాదపీఠమై పోల్చడానికి తగినది అవుతుంది. పైకి చదివేటప్పుడు ‘పాత్రమగు’ తర్వాత కాస్త ఆగితే ఈ గందరగోళం ఉండదు.

ఇక భావం. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు, ఎదుగుతున్నది వటుడు. ఆ ఎదగడాన్ని చెప్పే క్రియ మాత్రం ‘నిండుచోన్’ దాకా ఎక్కడా లేదు. తల నుంచి పాదం దాకా ఒక్కో అవయవం సూర్యుణ్ణి దాటిపోవడాన్ని బట్టి మనమే గ్రహించాలి. దీనికి ముందరి ‘ఇంతింతై’ పద్యంలో మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు అంటూ కొలతరాళ్లు మారుతూ పోతాయి. ఇక్కడ కొలతరాయి ఒక్కటే. సూర్యుడు ఒక్కడే కనుక జంటగా ఉండే అందె కూడా ఏకవచనంలోనే నిలిచింది.

గొడుగు మొదట రావడం కూడా ఊరికే కాదనిపిస్తుంది. అంతకుముందు బలితో వామనుడు ‘గొడుగో జన్నిదమో కమండులువొ’ అంటూ తనకు తగినవేవో చెప్పుకున్నాడు. ఆ జాబితాలోది ఇక్కడ గొడుగొక్కటే. శిరోరత్నం, కేయూరం, పాదపీఠం వడుగుకు, అంటే బ్రహ్మచారికి, ఉండేవి కావు, చక్రవర్తికి ఉండేవి. మూడడుగులు అడిగినవాడు బ్రహ్మాండమంతా నిండే ఘట్టంలో ఈ పద్యం ఉందని గుర్తుంచుకుని చదవండి.