షాఫ్ట్ విరిగితే మొదట చక్రాలకి రాళ్లు పెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్ల మీదే. చలికాలం అయ్యాక ఏటా ఇంతే, లంబసింగి, వంజంగి, అరకు తిరిగొచ్చిన బండ్ల కష్టాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

ప్రశ్న: సార్, మాది పాత డీజిల్ జీపు, పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్. తెల్లవారుజామున మేఘాలు చూద్దామని పాడేరు దాటి వంజంగి వైపు వెళ్తుంటే మట్టి ఎక్కుడులో కింద ఫెళ్లుమని చప్పుడైంది, ఇక ఎంత యాక్సిలరేటర్ తొక్కినా బండి కదల్లేదు. దిగి చూస్తే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని వెనక చక్రాల వైపు చేర్చే ఇనుప గొట్టం) డిఫరెన్షియల్ వైపు క్రాస్ (జాయింట్ మధ్యలోని కూడలి ముక్క) విరిగి నేలమీద పడి ఉంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. షాఫ్ట్‌ని తాడుతో ఛాసిస్‌కి కట్టి, ఫోర్ హైలో (4H, నాలుగు చక్రాలకీ బలం అందే స్థానం) వేసి వెనక్కి బయల్దేరాం. కాస్త దూరం వెళ్లేసరికి తాడు తెగి షాఫ్ట్ కిందా మీదా కొట్టుకుని బ్రేకు పైపు నలిగింది. గట్టిగానే కట్టాం, ఎందుకు తెగింది? అసలు ముందు చక్రాలతోనే బండి తెచ్చుకోవచ్చా? (ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: తెచ్చుకోవచ్చు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ఉన్న గొప్ప సౌకర్యమే అది, ఒక షాఫ్ట్ పోయినా ఇంకో షాఫ్ట్ ఇంటికి చేరుస్తుంది. కాకపోతే విరిగినదాన్ని కట్టకూడదు, పూర్తిగా విప్పి బండిలో పడెయ్యాలి.

తాడు ఎందుకు తెగిందో చెప్తాను. మీ షాఫ్ట్ వెనక కొస విరిగింది గానీ ముందు కొస ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (బలాన్ని ముందు, వెనక షాఫ్టులకి పంచే పెట్టెకి) బోల్టులతో బిగించే ఉంది. ఫోర్ హైలో వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్ట్‌నీ వెనక షాఫ్ట్‌నీ కలిపి తిప్పుతుంది, అంటే మీరు ఇంజన్ తిప్పుతున్న ఇనుప గొట్టానికి తాడు కట్టారు, అది చుట్టుకుని తెగక ఏం చేస్తుంది? పోనీ ముందు కొస విరిగి ఉంటే తాడు ఆగేదా అంటే అప్పుడూ ఆగదు, వెనక చక్రాలు దొర్లితే డిఫరెన్షియల్‌లోని పీనియన్ గేరు తిరుగుతుంది, దాంతోపాటు షాఫ్టూ తిరుగుతుంది. పైగా అది ఇంకా ప్రమాదం. వేలాడే ముందు కొస గుంతలో గుచ్చుకుంటే బండి వెనక భాగాన్నే పైకి ఎత్తేస్తుంది. లారీల కింద షాఫ్ట్ చుట్టూ ఇనుప కడియం పెట్టేది ఇందుకే. మీకు బ్రేకు పైపు నలగడంతో ఆగింది, సంతోషం, పైపు తెగి ఉంటే ఆ దిగుడులో ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తుంది.

ఇంకో సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు, నాకు దాని మీదే ఎక్కువ దిగులు. షాఫ్ట్ విరిగిన క్షణంలో బండి ఎక్కుడు మీద ఉంది కదా, దిగేముందు చక్రాలకి రాళ్లు పెట్టారా? టూ హైలో (2H, వెనక చక్రాలకే బలం అందే స్థానం) ఉన్న బండిని మనం గేరులో వేసి ఆపుతాం, గేరు వెనక చక్రాల్ని పట్టుకునేది ఆ షాఫ్ట్ ద్వారానే. షాఫ్ట్ పోయాక గేరులో ఉన్నా, న్యూట్రల్‌లో ఉన్నా ఒకటే, బండి జారిపోతుంది. హ్యాండ్ బ్రేకు ఉంది కదా అనుకుంటారు. అది వెనక చక్రాల డ్రమ్ముల మీద పనిచేసే బండైతే పరవాలేదు. విల్లీస్ తరహా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉంటుంది, అది పట్టుకునేది కూడా షాఫ్ట్‌నే, షాఫ్ట్ విరిగితే అదీ పోయినట్టే. అందుకని ఒకరు కాలి బ్రేకు మీదే ఉండాలి, ఇంకొకరు దిగి పల్లం వైపు నాలుగు చక్రాలకీ పెద్ద రాళ్లు పెట్టాలి, ఆ తర్వాత ఫోర్ హై వేసి, హబ్ లాకులు (ముందు చక్రాల్ని యాక్సిల్‌కి కలిపే తాళాలు) ఉంటే లాక్ చేసి, ఫస్ట్ గేరులో వేసి ఇంజన్ ఆపాలి. అప్పుడు ముందు చక్రాలు కూడా బండిని పట్టుకుంటాయి. ఇదంతా అయ్యే దాకా ఎవరూ కిందకి దూరొద్దు, పిల్లల్ని బండి వెనక నిలబడనివ్వద్దు.

విప్పడం పెద్ద పని కాదు. గేరులో ఉన్న బండిలో షాఫ్ట్ తిరగదు కాబట్టి బోల్టులు వదులు చెయ్యడం తేలిక. సాధారణంగా ఫ్లాంజికి (షాఫ్ట్ కొసన బోల్టులు పట్టే బిళ్లకి) నాలుగు బోల్టులు. మీరు తెచ్చిన తాడు ఇక్కడ పనికొస్తుంది, విప్పేటప్పుడు షాఫ్ట్ బరువంతా మొహం మీద పడకుండా దానితో వేలాడదీసుకోండి. సైలెన్సర్ గొట్టం కాలి ఉంటుంది, చెయ్యి జాగ్రత్త. విప్పేముందు రెండు ఫ్లాంజిల మీదా ఒక గీత గియ్యండి, సుద్ద లేకపోతే రాయితో గీరినా చాలు, రేపు బిగించేటప్పుడు ఏది ఎలా ఉందో తెలుస్తుంది. డిఫరెన్షియల్ వైపు మిగిలిన క్రాస్ ముక్కలు, దాని కొసల కప్పులు ఊడదీసెయ్యండి, యోక్ (క్రాస్‌ని పట్టుకునే చెవుల ముక్క) ఒక్కటీ అక్కడే తిరుగుతూ ఉంటే నష్టం లేదు. కొన్ని బండ్లలో మాత్రం ముందు కొసకి ఫ్లాంజి ఉండదు, యోక్ నేరుగా ఆయిల్ సీల్ గుండా ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దూరి ఉంటుంది. అది లాగితే ఆయిలంతా కారిపోతుంది, ఆయిల్ లేకుండా నడిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ మాడిపోతుంది. అలాంటి బండిని నడపాలని చూడకుండా మరో బండికి కబురు పెట్టడమే నయం.

ఇక నడపడం. ఫోర్ హైలో, నెమ్మదిగా. తారు రోడ్డు మీద ఫోర్ హై వెయ్యకూడదంటారే, ఆ మాట రెండు షాఫ్టులూ ఉన్నప్పటిది. మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరువేరు దూరాలు తిరుగుతాయి, మధ్యలో బిగుసుకుపోతుంది, అందుకే ఆ నియమం. ఒక షాఫ్ట్ తీసేశాక బిగుసుకోడానికి రెండోది లేదు, తారు మీద కూడా పరవాలేదు. ఫోర్ లో (4L, తక్కువ వేగానికి ఎక్కువ బలమిచ్చే స్థానం) మాత్రం తప్పనిసరి అయితే తప్ప వద్దు, ఆ బలమంతా ఒక్క ముందు షాఫ్ట్ మీదే పడి అదీ విరిగితే అడవిలో ఉండిపోవలసిందే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కకండి, ముందు జాయింట్లు పోయేది సరిగ్గా అలాంటప్పుడే. నిలువు ఎక్కుడులో బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి, అలాంటిచోట బండి తిప్పుకునే వీలుంటే రివర్సులో ఎక్కితే పట్టు దొరుకుతుంది. దిగుడులో ఇంజన్ బ్రేకింగ్ కూడా ముందు చక్రాలకే అందుతుంది, మంచు పడి తడిసిన మలుపులో గేరు ఒక్కసారిగా తగ్గిస్తే స్టీరింగ్ మాట వినదు.

పాడేరు చేరాక అక్కణ్ణించి ఘాట్ దిగి విశాఖ దాకా అలాగే తెచ్చెయ్యొచ్చా అంటే, బండి తేవొచ్చేమో గానీ నేనైతే తేను, పాడేరులోనే బాగుచేయించుకుంటాను, లేదా వ్యాన్ మీద ఎక్కించి పంపుతాను. తాడు కట్టి ఇంకో బండితో ఘాట్ మీద లాగించుకోవడం మాత్రం అసలు వద్దు, ఇంజన్ ఆగి ఉంటే బ్రేకు బూస్టరూ పవర్ స్టీరింగూ రెండూ పనిచెయ్యవు.

రిపేరు సంగతి. ఆటోనగర్‌లో కొత్త క్రాస్ వేసి పంపేస్తామంటారు, ఒప్పుకోకండి. క్రాస్ విరిగి కొట్టుకున్న షాఫ్ట్‌కి యోక్ చెవుల రంధ్రాలు సాగి ఉంటాయి, గొట్టం సొట్టపోయి ఉంటుంది. లేత్ మీద తిప్పి వంకర చూడమనండి. గొట్టానికి వెల్డింగ్ చేస్తే బ్యాలెన్సింగ్ తప్పనిసరి. రెండు చివరల యోక్‌లూ ఒకే వరుసలో ఉండేలా స్ప్లైన్ (షాఫ్ట్‌లో పళ్లతో జారే భాగం) ఎక్కించారో లేదో మీ కళ్లతో చూసుకోండి, ఆ వరుస తప్పితే బండి వణుకుతుంది, కొత్త క్రాస్ కూడా ఎన్నాళ్లో ఉండదు. నలిగిన బ్రేకు పైపుని చదును చేయించడం కాదు, మార్పించండి.

ప్రశ్న: ముందుకీ వెనక్కీ గేరు మార్చినప్పుడల్లా మా బండి కింద టక్‌మంటోంది. మామూలే అంటున్నారు. నిజమేనా? (భీమిలి)

జవాబు: కాదు, క్రాస్ అరిగిందేమో చూడాల్సిన శబ్దం అది. బండిని చదును మీద ఆపి, రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ, కిందికీ పైకీ కదిపి చూడండి, క్రాస్ దగ్గర ఏ కొంచెం ఆట ఉన్నా మార్చాల్సిందే. కప్పుల అంచున ఎర్రటి పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండి బేరింగ్ సూదులు తుప్పు పట్టాయని అర్థం. నెమ్మదిగా వెళ్తుంటే కీచుకీచుమన్నా అదే జబ్బు. మీది సముద్రపు ఒడ్డు, ఆ ఉప్పు గాలి ఇనుముని త్వరగా తింటుంది, కాబట్టి నిపిల్ (గ్రీజు కొట్టే మొన) ఉన్న క్రాస్ అయితే ప్రతి సర్వీసుకీ, వాగులో దిగొచ్చిన ప్రతిసారీ గ్రీజు కొట్టించండి. కొట్టేటప్పుడు దగ్గరుండి చూడండి: నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే రేపు విరిగేది ఆ కప్పు దగ్గరే. నిపిల్ లేని క్రాస్ అయితే గ్రీజు మాటే లేదు, ఆట కనిపించిన రోజే మార్చడం.

ప్రశ్న: ముందు ఎడమ చక్రం యాక్సిల్ సీవీ జాయింట్ (చక్రం మలిగినా బలం అందించే కీలు) పగిలింది. యాక్సిల్ మొత్తం తీసేసి టూ హైలో తిరగమంటున్నాడు మెకానిక్. తిరగొచ్చా? (గాజువాక)

జవాబు: టూ హైలో తిరగొచ్చు గానీ మొత్తం తీసేసి కాదు. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న చాలా బండ్లలో చక్రం బేరింగ్‌ని బిగించి పట్టుకునేది ఆ యాక్సిల్ చివరి నట్టే. అది లేకుండా నడిపితే బేరింగ్ విడిపోయి చక్రం ఊడొచ్చు. జాయింట్ విప్పి బయటి ముక్కని హబ్‌లో బిగించి ఉంచమనండి, డిఫరెన్షియల్ వైపు రంధ్రాన్ని ఆయిల్ కారకుండా మూయించండి. కొత్త యాక్సిల్ వచ్చేదాకా ఫోర్ హై వెయ్యకండి.

ప్రశ్న: ఏజెన్సీ వైపు వెళ్లేటప్పుడు బండిలో ఏం పెట్టుకోవాలి? (పెందుర్తి)

జవాబు: ఒక క్రాస్, దాని సర్క్లిప్పులు, ఫ్లాంజి బోల్టులు నట్లతో సహా ఒక సెట్టు. బోల్టులు కంపెనీవే కొనండి, మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టు ఆ బలానికి తెగిపోతుంది. తలకి తగిలించుకునే లైటు, చేతి తొడుగులు, కింద పరుచుకోడానికి పట్టా, చక్రాలకి పెట్టే చెక్క దిమ్మలు రెండు. అన్నిటికంటే ముందు, మీ ఫ్లాంజి బోల్టులకి ఏ పానా పడుతుందో ఇంటి దగ్గరే తొడిగి చూసుకోండి, కొన్ని బండ్లలో సైలెన్సర్ అడ్డొచ్చి మామూలు పానా తిరగదు, పొట్టిది కావాలి.