60 రోజుల కౌంటీ జైలు శిక్షలో నిజంగా ఎన్ని రోజులు లోపల ఉండాలి?

కాలిఫోర్నియాలో మీ తమ్ముడికి 60 రోజులు పడిందన్నారు కదా, మామూలుగా అయితే 30 రోజులకే వచ్చేస్తాడు. అక్కడి పీనల్ కోడ్ 4019 సెక్షన్ ప్రకారం, గొడవలు పెట్టుకోకుండా, చెప్పిన పని చేస్తే, లోపల గడిపిన ప్రతి 2 రోజులకు 4 రోజులు శిక్ష అనుభవించినట్టు లెక్క. 2011 అక్టోబర్ నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. అరెస్టయినప్పుడు ఉన్న రోజులూ కలుస్తాయి. రాత్రి 11 గంటలకు పట్టుకుని మర్నాడు పొద్దున బెయిల్ మీద వదిలినా అది 2 రోజుల కిందే లెక్క! అలా అయితే ఆ 30లో ఇంకా 28 మిగిలాయన్నమాట. తీర్పు కాగితంలో ఆ 2 రోజులు రాశారో లేదో లాయర్‌ని అడగండి, చాలామంది ఇదే చూసుకోరు.

జైలు కిక్కిరిసి ఉంటే షెరీఫ్ (కౌంటీ జైలును నడిపే అధికారి) ఇంకా ముందే వదలొచ్చు. లాస్ ఏంజెలెస్‌లో ఇది మామూలే, కానీ దాన్ని నమ్ముకుని టికెట్లు బుక్ చేయకండి. హింసాత్మక ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసుల్లో ఇంత తగ్గింపు రాదు. విడుదల తేదీ చాలా కౌంటీల్లో షెరీఫ్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పేరు కొడితే కనిపిస్తుంది, అయితే అది మారుతుంటుంది. వీసా మీద ఉన్నవాళ్లయితే ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా ఇప్పుడే మాట్లాడాలి.