అరకు వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అనంతగిరి దగ్గర కాఫీ తోటల మధ్య కాటేజీలో దిగే అతిథుల కోసం నువ్వు రాసిన ‘చుట్టుపక్కల చూడదగినవి’ వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. ప్రదేశాల పేర్లు బోలెడున్నాయి గానీ, వాటిలో ఏ రెండింటిని కలిపి ఒక పూటలో చూడవచ్చో, దేనికి తెల్లవారకముందే బయలుదేరాలో, దేన్ని వానాకాలంలో మానుకోవాలో ఎక్కడా లేదు. కాటేజీలో దిగినవాడు పొద్దున్నే కాఫీ తాగుతూ వరండాలో కూర్చుని ఈ కాగితం చేతిలోకి తీసుకుంటాడు. సాయంత్రం వెనక్కి వచ్చేలోపు ఆ రోజు ఎలా గడపాలన్నదే అతను అడిగే ప్రశ్న. నీ వ్యాసం దానికే జవాబు చెప్పాలి.

ఉదాహరణకు లంబసింగిని తీసుకో. బొర్రా గుహలు, కటికి జలపాతం, చాపరాయి వాగు పక్కనే దాని పేరూ రాసి ‘ఆంధ్రా కశ్మీర్’ అన్నావు. అక్కడి మంచు చూడాలంటే సూర్యోదయానికల్లా అక్కడ ఉండాలి. అరకు వైపు నుంచి వెళ్లేవాళ్లు పాడేరు, చింతపల్లి దాటి ఘాట్ రోడ్డు మీద గంటల తరబడి ప్రయాణించాలి. నీ మాట నమ్మి పిల్లలతో తొమ్మిదింటికి బయలుదేరిన కుటుంబానికి ఎండా, ఖాళీ రోడ్డూ తప్ప ఏమీ దొరకవు. అది వేరే బసకు, వేరే వ్యాసానికి సంబంధించిన ఊరు. కొట్టెయ్యి. ‘ఆంధ్రా కశ్మీర్’ అనే మాటను ఎలాగూ కొట్టెయ్యి. తూర్పు కనుమలకు ఇంకో చోటు పేరు అరువు తేవలసిన అవసరం లేదు.

ఇక బొర్రా గుహలు. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి ఒకరు వాటిని కనుగొన్నారని రాశావు. ఈ వాక్యం చాలాచోట్ల కనిపిస్తుంది, నువ్వూ అక్కడి నుంచే తీసుకుని ఉంటావు. కానీ ఆ సంస్థ ఏర్పడిందే 1851లో. రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ వాక్యం నిలబడదని తెలిసిపోతుంది. పైగా పశువులు కాసుకునే స్థానికులకు ఆ గుహ తెలియనిదేమీ కాదు. గుహ కప్పులోని రంధ్రంలోంచి ఆవు జారిపడిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనిపించిందనీ చెప్పుకునే కథ ఉంది కదా. దాన్ని కథగానే చెప్పు, తేదీ తగిలించకు.

ఆ గుహలో రాయదగింది నీ కళ్ల ముందే ఉంది. నేలలోంచి ఇంకే వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాతిని కరిగిస్తుంది; కప్పు నుంచి కారేటప్పుడు ఆ సున్నాన్ని పొరలు పొరలుగా వదిలిపోతుంది. పైనుంచి ఊడలు దిగడం, కింద నుంచి స్తంభాలు లేవడం అలాగే జరుగుతాయి. వేలాడే ఊడ ఒకదాని కొసను కాసేపు చూడమని పాఠకుడికి చెప్పు. బొట్టు నిండుతుంది, వణుకుతుంది, పడుతుంది, అక్కడే మరో బొట్టు మొదలవుతుంది. రంగురంగుల దీపాల గురించి నువ్వు రాసిన పేరా అంతా కలిపినా ఈ ఒక్క బొట్టుకు సాటి రాదు. మెట్లు తడిగా ఉంటాయనీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆలోచించుకుని దిగాలనీ తప్పక రాయి. ఆ కొండకు సంబంధించిన గోస్తని నదే కిందికి పారి తాటిపూడి జలాశయం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నుంచి వచ్చినవాళ్లకు ఈ సంగతి తెలిస్తే కొండకూ తమ ఊరికీ చుట్టరికం కలుస్తుంది.

విశాఖ నుంచి అరకు వచ్చే రైలు గురించి నువ్వు రాసింది మరీ పొడి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గం అది. ప్రయాణికుల బండి దానిమీద అతిథి లాంటిది. ఈ సంగతి రాస్తే, ఎదురుగా వచ్చే గూడ్సుల కోసం బండి ఎందుకు ఆగుతుందో అర్థమవుతుంది. విసుక్కునేవాడు కాస్త ఓపిక పట్టి కిటికీలోంచి చూస్తాడు.

కాఫీ తోట కాటేజీ గడప దగ్గరే ఉండగా నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు ఉంటాయి. శీతాకాలంలో ఎర్రగా పండిన కాయను రెండు వేళ్లతో నొక్కితే జారుడుగా రెండు గింజలు బయటికొస్తాయి. గుజ్జు కొంచెం తియ్యగా ఉంటుంది. ఆ కాయలు అక్కడి రైతుల ఏడాది పంట కనుక అడగకుండా కోయకూడదని కూడా చెప్పు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అది పొందిన పంట గిరిజన రైతులది.

అందుకే ‘అమాయక గిరిజనులు’ అన్న మాట దగ్గర నా కలం ఆగింది. బొర్రా ప్రాంత గ్రామాల్లో గనుల లీజుల మీద సమతా అనే సంస్థ నడిపిన వ్యాజ్యంలోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులివ్వడం చెల్లదని చెప్పిన తీర్పది. అంత దూరం పోరాడిన వాళ్లను అమాయకులనడం మర్యాద కాదు. థింసాను కూడా సాయంత్రపు వినోదంలా చూపించకు. ఒకరి వీపు వెనక నుంచి మరొకరు చేతులు పెనవేసుకుని డప్పు దరువుకు అడుగు కలిపే ఆ నాట్యం పండగల్లోనూ పెళ్లిళ్లలోనూ ఆడేది. డబ్బిచ్చి ఆడించుకునేది దాని నీడ మాత్రమే. అనుమతి లేకుండా ఫొటోలు తియ్యవద్దని ఒక వాక్యం చాలు, ఉపన్యాసం వద్దు.

గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట అరకులో దగ్గర దగ్గరగానే ఉన్నాయి కాబట్టి ఒక పూటలో కలిపెయ్యి. చాపరాయి డుంబ్రిగూడ దారిలో ఉంది. ఆ నున్నటి బండల మీద వానాకాలంలో ప్రవాహం ఎంత ప్రమాదమో ముందే చెప్పి, ఆ తరువాతే అందం గురించి రాయి. పొలాల్లో వలిసె పూల పసుపు రంగు శీతాకాలపు మొదట్లోనే. వేసవిలో వచ్చేవాళ్లకు ఆ ఆశ పెట్టకు.

ముందుగా బొర్రా, కటికి కలిసిన ఒక్క రోజును రాసి పంపు. బయలుదేరే వేళ, కటికికి జీపు ఎక్కడ మాట్లాడుకోవాలి, ఎంత దూరం నడవాలి, మధ్యాహ్నం బొంగులో చికెన్ ఎక్కడ తినవచ్చు, ఇవన్నీ అక్కడివాళ్లను అడిగి రాయి. అద్దెలు మారుతుంటాయి గనుక అంకెలు వేయకు. పేజీన్నర దాటనివ్వకు.

ఆశీస్సులతో.