ఉప్పునీళ్లు అంతా ఒకేలా ఉన్నా శుద్ధ పదార్థం ఎందుకు కాదు?

ఉప్పునీళ్లు శుద్ధ పదార్థమా, మిశ్రమమా అన్న పరీక్ష ప్రశ్నకు, అడుగు నుంచి పైదాకా ఒకేలా ఉన్నాయని మీరు శుద్ధ పదార్థం (పాళ్లు ఎప్పుడూ మారని ఒకే పదార్థం) అని రాశారు, మార్కు పోయింది అక్కడే. ఒకేలా ఉండటం సజాతీయ మిశ్రమానికీ (అంతటా సమంగా కలిసిపోయిన మిశ్రమానికీ) ఉన్న లక్షణమే.

చాలామంది వదిలేసేది ఒకటుంది: పాళ్లు మార్చి చూడటం.

1. లీటరు నీళ్లలో చెంచా ఉప్పు కలిపినా, పది చెంచాలు కలిపినా ఉప్పునీళ్లే. పాళ్లు మన చేతిలో ఉన్నాయి కాబట్టి మిశ్రమం.

2. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువుల నిష్పత్తి దాదాపు 1:8. గోదావరి నీళ్లను స్వేదనం చేసినా (మరిగించి, ఆవిరిని చల్లార్చి మళ్లీ నీళ్లుగా పట్టినా), సముద్రపు నీళ్లను చేసినా అంతే. అది శుద్ధ పదార్థం.

3. ఇంకా అనుమానముంటే మరిగిస్తూ థర్మామీటరు చూడండి. సముద్రమట్టం దగ్గర స్వేదనజలం 100 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. ఉప్పునీళ్లలో మాత్రం ఆవిరి పోయేకొద్దీ అంకె మెల్లగా పైకి పోతుంది.

ఇత్తడి శుద్ధ పదార్థమా, మిశ్రమమా అన్న ప్రశ్న కూడా ఇలాగే చేయండి. రాగి, జింకు పాళ్లు కొంత మారినా అది ఇత్తడే, కాబట్టి మిశ్రమం.