చిన్న గాలిమర నుంచి ఎక్కువ కరెంటు రాబట్టడం ఎలా?

ప్రశ్న: మా డాబా మీద ఆరడుగుల పైపుకు 300 వాట్ల చిన్న గాలిమరను బిగించాము. ఆషాఢ మాసపు గాలిలో కూడా 12 వోల్టుల బ్యాటరీ సరిగా నిండడం లేదు. కొత్త రెక్కలు వేయించమని మెకానిక్ అంటున్నారు. తక్కువ ఖర్చులో వేరే మార్గం ఉందా?
– ఒక రైతు, కల్యాణదుర్గం

జవాబు: రెక్కల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మీరు రాసినదాన్ని బట్టి, లోపం గాలిమరలో కంటే దాన్ని నిలబెట్టిన చోటులోనే ఉన్నట్లు తోస్తున్నది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో వీచే గాలిలో చదరపు మీటరుకు సుమారు 16 వాట్ల శక్తి ఉంటే, 6 మీటర్ల వేగంలో అది 130 వాట్ల దాకా ఉంటుంది. ఆ శక్తిలో 59.3 శాతానికి మించి ఏ గాలిమరా రాబట్టలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఏనాడో లెక్కగట్టి చూపారు. కనుక రెక్కలను ఎంత నునుపుగా చెక్కించినా వచ్చే లాభానికి ఒక హద్దు ఉంది. మంచి గాలి అందే చోటికి మరను చేర్చితే వచ్చే లాభం అంతకంటే ఎంతో ఎక్కువ.

మీ ప్రాంతంలో గాలికి కొరత లేదు. రామగిరి కొండల మీద 1990లలోనే పెద్ద గాలిమరలు వెలిశాయి. కానీ డాబా మీద గాలి గోడలకు, పిట్టగోడకు కొట్టుకొని సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో గాలిమర క్షణానికో దిక్కుకు తిరుగుతూ బేరింగులను అరగదీసుకుంటుందే తప్ప కరెంటునివ్వదు. దీన్ని మీరే పరీక్షించవచ్చు. కరెంటు తీగలకు దూరంగా, ఒక పొడవాటి వెదురు గడకు మీటరుకొకటి చొప్పున రిబ్బను ముక్కలు కట్టి, గాలి బాగా వీచే పూట నిలబెట్టి చూడండి. కింది రిబ్బన్లు మెలికలు తిరుగుతూ, పైవి ఒకే దిక్కుకు చాచుకొని ఉంటే, సుడులు ఎంత ఎత్తున ఆగుతున్నాయో కంటికే తెలుస్తుంది. రెక్కల కింది అంచు, చుట్టూ 100 మీటర్ల లోపు ఉన్న ఇళ్ళకూ చెట్లకూ కనీసం 9 మీటర్లు పైన ఉండాలన్నది ఆచరణలో నిలిచిన నియమం. డాబా మీద అంత పొడవు స్తంభం క్షేమం కాదు. ఆరుబయట పొలంలో, స్టే వైర్లతో బిగించి, మరమ్మతుకు కిందికి వాల్చుకోగల ఇనుప పైపు స్తంభం వేయించండి. మీరు పెట్టబోయే డబ్బులో అధిక భాగం దీనికే పోవాలని నా అభిప్రాయం.

ఇక తీగ సంగతి. చాలామంది దీన్ని పట్టించుకోరు. 12 వోల్టుల వద్ద 300 వాట్లంటే 25 ఆంపియర్లు. బ్యాటరీ 30 మీటర్ల దూరంలో ఉండి, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే, రానూపోనూ 60 మీటర్ల తీగలో ఆ కరెంటుకు 160 వాట్లకు పైగా వేడిగా పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది కానీ ఖర్చు ఎక్కువ. దానికంటే స్తంభం పక్కనే చిన్న గూడు కట్టించి, బ్యాటరీని, దాని ఛార్జింగును అదుపు చేసే కంట్రోలరును అందులో ఉంచి, ఇన్వర్టరు ద్వారా 230 వోల్టులుగా మార్చి ఇంటికి తెచ్చుకోవడం చౌక.

రెక్కల ముందు అంచున పేరుకున్న దుమ్మును, పురుగుల మరకలను తుడిపించండి. ఆ అంచు గరుకెక్కితే ఉత్పత్తి పడిపోతుంది. పెనుగాలిలో మరను పక్కకు మళ్ళించే తోకను మాత్రం కదలకుండా వెల్డింగు చేయించవద్దు. అది మీ మరకు రక్షణ.

ప్రశ్న: గాలిమర చుట్టూ రేకుతో గరాటు అమర్చితే కరెంటు పెరుగుతుందా?
– ఒక పాలిటెక్నిక్ విద్యార్థిని, గుత్తి

జవాబు: పెరుగుతుంది. సరైన ఆకారంలో ఉన్న తొడుగు రెక్కల గుండా ఎక్కువ గాలిని లాగుతుంది. అయితే తుపాను గాలికి రెక్కలను పక్కకు తిప్పినా ఆ రేకు మీద పడే తోపుడు తగ్గదు కాబట్టి, స్తంభాన్ని, పునాదిని, స్టే వైర్లను అందుకు తగినంత బలంగా కట్టవలసి వస్తుంది. కళాశాల ప్రాజెక్టుకు ఇది మంచి అంశమే. ఇంటివాడుకకైతే ఆ రేకు ఖర్చుతో స్తంభాన్ని మరికొన్ని మీటర్లు పెంచుకోవడం మేలు.